బ్యాటరీతో ఎగిరే దళాలు: అపోహలు - వాస్తవాలు

విమానాల బ్యాటరీ ప్యాక్‌లను పరీక్షించడం నా పని. జవాన్లను ఎక్కించుకుని నిలువుగా లేచే బుల్లి ఎలక్ట్రిక్ విమానం వీడియో వచ్చిందంటే చాలు, తెలిసినవాళ్లందరూ ఒకటే ప్రశ్న: “ఇక హెలికాప్టర్ల పని అయిపోయినట్టేనా?”

అపోహ: బ్యాటరీలు బాగుపడ్డాయి, దళాన్ని ఎక్కించడమే తరువాయి.

కిలో విమాన ఇంధనంలో సుమారు 12,000 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. మంచి లిథియం సెల్‌లో కిలోకి 250 చుట్టుపక్కల. ఇంజిన్ ముప్పాతిక భాగం వేడిగా పారేసినా తేడా పది రెట్లకు పైనే. పైగా ఇంధనం ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికవుతుంది, ఖాళీ అయిన బ్యాటరీ బరువు మాత్రం అలాగే ఉంటుంది. అమెరికా వైమానిక దళం 2020లో మొదలుపెట్టిన అజిలిటీ ప్రైమ్ కార్యక్రమంలో పరీక్షించిన హెక్సా అనే ఎలక్ట్రిక్ విమానాన్నే చూడండి: 18 ప్రొపెల్లర్లు, ఒక్కటే సీటు, దాదాపు పావుగంట ప్రయాణం, 113 కిలోల వరకు మోత. 80 కిలోల జవాను తుపాకీ, తూటాలు, నీళ్లు, రేడియో కలిపి 40 కిలోలు తగిలించుకుంటే? అప్పుడే పరిమితి దాటిపోయాడు. బ్లాక్ హాక్ హెలికాప్టర్ సరంజామాతో సహా 11 మందిని తీసుకెళ్తుంది.

అపోహ: మీటర్‌లో 20 శాతం ఉంటే ఇంకా 20 శాతం దూరం పోవచ్చు.

ఫోన్ అలవాటుతో వచ్చిన లెక్క ఇది. రెక్కలున్న విమానం ముందుకు సాగుతున్నప్పుడు బరువును రెక్కలే మోస్తాయి, కరెంటు తక్కువ చాలు. దిగేముందు గాల్లో నిలబడాలంటే దానికి కొన్ని రెట్లు కావాలి. అంటే బ్యాటరీ బాగా నీరసించిన సమయంలోనే దానిమీద పెద్ద లోడ్ పడుతుంది. ఒకసారి చల్లటి గదిలో ఉంచిన ప్యాక్ మీద ల్యాండింగ్ లోడ్, అంటే దిగేటప్పుడు లాగేంత కరెంటు, వేశాను. మీటర్ 20 చూపిస్తూనే ఉంది, వోల్టేజ్ మాత్రం సర్రున జారి కనీస గీత దాటేసింది. టెస్ట్ బెంచ్ కాబట్టి స్విచ్ కట్టేసి టీ తాగడానికి వెళ్లాం. కొండ మీద దిగుతున్నవాడికి ఆ వీలుండదు.

అపోహ: చప్పుడే ఉండదు.

తక్కువే గానీ ఉంటుంది. గాలిని కోసే ప్రొపెల్లర్ మోటారుతో తిరిగినా మోగుతుంది. పైన వెళ్తుంటే గమనించడం కష్టమే, లేచేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం వినపడుతుంది.

అపోహ: డీజిల్ ట్యాంకర్లతో ఇక పనిలేదు.

సరిహద్దు పోస్టులో ప్లగ్ ఎక్కడిది? 100 కిలోవాట్-అవర్ల ప్యాక్‌ను 30 కిలోవాట్ల జనరేటర్‌తో నింపాలంటే మూడు గంటలు దాటుతుంది, దాదాపు 30 లీటర్ల డీజిల్ తాగుతుంది.

నన్నడిగితే దగ్గర పోస్టుకు రక్తం, మందులు, రేడియో బ్యాటరీలు చేరవేయడానికి ఇవి ఇప్పుడే పనికొస్తాయి. మనుషుల్ని దూరం తీసుకెళ్లాలంటే మాత్రం ఇంజిన్, బ్యాటరీ రెండూ ఉండే హైబ్రిడ్ వైపే నేను మొగ్గుతాను. డీజిల్ మళ్లీ వచ్చింది కదా అంటారా? వచ్చింది.