రసీదు వేరు, బస్తా వేరు

హనుమకొండ
ఆదివారం పొద్దున

బిడ్డలారా,

మొన్న చిన్నది ఫోన్‌ల అడిగింది: "తాతా, జావా ప్రోగ్రాంల ఒక లిస్టుల యాభై మంది రైతులను వేసిన. ప్రింట్ చేస్తే యాభై సార్లు ఒక్కరి పేరే వస్తున్నది, ఎందుకట్ల?" ఫోన్‌ల చెప్తే ఒడవని ముచ్చట, అందుకే రాస్తున్న.

మిర్చి సీజన్‌ల మీరిద్దరు నాతోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన్రు, యాదికున్నదా? ఘాటుకు తుమ్ములే తుమ్ములు. అక్కడ ఒక్కో రైతు తెచ్చిన సరుకు ఒక్కో లాట్. లాట్ అంటే ఉత్త అంకె కాదు. రైతు పేరు, ఊరు, మిర్చి రకం, బస్తాలెన్ని, తూకమెంత, క్వింటాలుకు పలికిన ధరెంత, ఇవన్నీ కలిస్తేనే లాట్. లాట్‌కు ఏమేం ఉండాల్నో రాసిపెట్టేది క్లాస్. ఒక రైతు పేరు మీద నిజంగా దిగిన సరుకు ఆబ్జెక్ట్.

రేపు యార్డుకు ఎన్ని లాట్లు వస్తయో ఇయ్యాల ఎవరు చెప్తరు? మామూలు అర్రే, అంటే వరుసగ గదులున్న అర లాంటిది అయితే, ఎన్ని గదులు కావాల్నో ముందే చెప్పాలె. మీరు వాడే లిస్టు, జావాల అర్రేలిస్ట్ అంటరు, దానికి ఆ అవసరం లేదు. 1998ల జావా 1.2తోని వచ్చినప్పటినుంచి వచ్చినకొద్దీ పెరుగుడే దాని పని.

ఇప్పుడు అసలు సంగతి. ధర బాగలేకుంటే రైతు బస్తాలను కోల్డ్ స్టోరేజీల పెట్టి రసీదు తెచ్చుకుంటడు. జేబుల ఉండేది రసీదే, మిర్చి కాదు. లిస్టుల ఉండేది కూడా అట్లనే: ఆబ్జెక్ట్ మెమరీల ఎక్కడున్నదో చెప్పే రెఫరెన్స్. చిన్నదానా, నువ్వు లూప్ (ఒకే పనిని మళ్లా మళ్లా చేసేది) బయట ఒక్కసారే న్యూ (కొత్త ఆబ్జెక్ట్ పుట్టించే మాట) అని లాట్ తయారు చేసినవు. లోపల దాని పేరు మార్చుకుంట, దాన్నే యాడ్ చేసుకుంట పోయినవు. యాభై రసీదులు, అన్నీ ఒకే లాట్‌వి. ఆఖరికి రాసిన పేరే మిగిలింది. ఆ న్యూను లూప్ లోపలికి తే, ప్రతి రైతుకు తనదైన లాట్ పుడుతది.

ఈ తప్పు నేనూ చేసిన. శానా ఏండ్ల కింద ఒక దుకాణానికి లెక్కల ప్రోగ్రాం రాసిచ్చిన. మొదటి రోజు కాగితం తీస్తే అందరి వరుసలల్ల ఆఖరి రైతు పేరే. ఒక పెద్దమనిషి ఆ కాగితం పట్టుకొని, "ఇండ్ల నా పేరేది సారూ?" అన్నడు. చేతిరాత పుస్తకం ఉన్నది కాబట్టి ఎవరి పైసలూ పోలేదు. కానీ ఏడాది కష్టం తెచ్చిన మనిషి పేరు నా లూప్ మింగేసింది. ఆయన ముఖం నాకిప్పటికీ కండ్లల్ల ఉన్నది.

లిస్టు ఎట్ల పెరుగుతదో కూడా రసీదులతోనే తెలుస్తది. లోపల ఉన్నది మామూలు అర్రేనే. ఓపెన్‌జేడీకేల (అందరికీ ఉచితంగ దొరికే జావా), ఖాళీ లిస్టుల మొదటి లాట్ వేయంగనే 10 గదులు తీసుకుంటది. 11వది వస్తే 15 గదుల కొత్త అర్రే తెచ్చి, పాతవన్నీ అండ్లకు ఎక్కిస్తది. తర్వాత 22, 33, 49, ప్రతిసారి సుమారు సగం ఎక్కువ. ఒక్కో గదే పెంచితే ప్రతి లాట్‌కూ మొత్తం మళ్లీ ఎత్తి పెట్టాల్సి వస్తుండె. ఎత్తిపెట్టేది కూడా రసీదులనే. చిన్న పుస్తకం నిండితే పెద్ద పుస్తకంల నంబర్లు దింపుకున్నట్టు, బస్తా ఒక్కటీ కదలదు.

లిస్టు మీద ఫర్-ఈచ్ లూప్ తిరుగుతుంటే మధ్యల లిస్టునుంచి రిమూవ్ చేయకుండ్రి (తీసేయకుండ్రి), మామూలుగా ఎక్సెప్షన్ వస్తది, అంటే ప్రోగ్రాం తప్పని చెప్పి ఆగుతది. అమ్ముడుపోయిన లాట్లు తీయాలంటే, షరతు చెప్తే సరిపోయినవి తీసే రిమూవ్‌ఇఫ్ ఉన్నది.

పెద్దోడా, నీది కంటెయిన్స్ ప్రశ్న, అంటే ఒక లాట్ లిస్టుల ఉన్నదా అని అడిగేది. అన్ని వివరాలు ఒకటే ఉన్నా లిస్టుల లేదంటున్నదంటివి. రెండు లాట్లు ఒకటేనా అని చెప్పే ఈక్వల్స్ నువ్వు రాయకుంటే జావా రెండూ ఒకే ఆబ్జెక్టా అనే చూస్తది, లోపలి వివరాలు చూడది. ఈక్వల్స్ రాయి, దాంతోపాటు, ఒకటే అన్నవాటికి ఒకే అంకె ఇచ్చే హ్యాష్‌కోడ్ కూడా రాయి. రాసేటప్పుడు పేరుతోని పోల్చకు. ఒకే ఊర్ల ఒకే పేరుతోని ఇద్దరు రైతులుంటరు. లాట్ నంబరుతోని పోల్చు.

మీ తాత