పేట్రియార్క్: ఒక మాట, రెండు ముక్కలు (పిల్లలకు ఉత్తరం)

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఇంగ్లీషు పేపర్లలో, పుస్తకాల్లో ‘పేట్రియార్క్’ అనే మాట మీకు తగులుతూనే ఉంటుంది. బైబిలులో అబ్రాహాము పేట్రియార్క్. మాస్కోలో రష్యా చర్చికి పెద్దగా ఉండేవారూ పేట్రియార్కే. ఏ పెద్ద వ్యాపార కుటుంబంలోనో తాతగారు పోతే, ఆ వార్తలో ఆయననూ అలాగే రాస్తారు. ఇక ఆడపిల్లల చదువు గురించో ఆస్తి గురించో వ్యాసం చదివితే ‘పేట్రియార్కీ’ అని, తెలుగులో ‘పితృస్వామ్యం’ అని కనిపిస్తుంది. నిఘంటువు తీస్తే వంశకర్త, ఇంటి పెద్ద, మతాధిపతి అని అర్థాలన్నీ వరసగా పెట్టి ఊరుకుంటుంది. ఎక్కడ ఏది సరిపోతుందో తెలియాలంటే మాటను విప్పి చూడాల్సిందే.

ముందు పలకడం. చివర ‘చ్’ కాదు, ‘క్’. మూలం గ్రీకు, అక్కడ అది ‘పత్రియార్ఖేస్’. ప్రాచీన గ్రీకులో ఆ శబ్దం మన ‘ఖడ్గం’లోని ‘ఖ’ లాంటి ఒత్తక్షరం. లాటిన్ లిపిలో దానికి అక్షరం లేక, ‘సి’ పక్కన ‘హెచ్’ చేర్చి రాసుకున్నారు. ఇంగ్లీషు ఆ స్పెల్లింగును ఉంచుకుని ఒత్తును వదిలేసింది. స్కూల్, కెమిస్ట్రీ, క్రిస్మస్ మాటల్లో ‘సిహెచ్’ రాసి ‘క్’ అనడానికి కారణం ఇదే. వాళ్లు రెండక్షరాలు పెట్టి అవస్థపడ్డ ఆ శబ్దాన్ని మనం ఒక్క అక్షరంతో రాసేస్తాం.

ఇప్పుడు విడగొడదాం. ‘పతేర్ అంటే తండ్రి, ఆర్ఖ్ అంటే పాలించడం, కాబట్టి పాలించే తండ్రి’ అని చాలాచోట్ల చెబుతారు. అందులో ఒక మెట్టు తప్పింది. మొదటి ముక్క ‘పతేర్’ కాదు, దానినుంచి పుట్టిన ‘పత్రియా’. ఒకే తండ్రి సంతతి అని చెప్పుకునే జనమంతా కలిస్తే పత్రియా: వంశం, తెగ. మనకు ‘పితృ’ నుంచి ‘పైతృకం’ వచ్చినట్టు అన్నమాట. కనుక మాటకు అసలు అర్థం ‘వంశానికి పెద్ద’. ఇద్దరు పిల్లలున్న ఓ నాన్న, ఆ తొలి అర్థం ప్రకారం, పేట్రియార్క్ కాడు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, తర్వాత వచ్చే గందరగోళానికంతా మూలం ఇక్కడే ఉంది.

పతేర్, సంస్కృతం పితృ, ఇంగ్లీషు ఫాదర్ ఒకే వేరువి. సంస్కృతంలో ‘ప’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ఫ’ రావడం గమనించండి: పాదం, ఫుట్, పంచ, ఫైవ్, పితృ, ఫాదర్. మన తండ్రి, అప్ప ఆ కుటుంబానివి కావు, ద్రావిడ మాటలు. తమిళంలో తందై, కన్నడంలో తందె ఉన్నాయి చూడండి.

రెండో ముక్క ‘ఆర్ఖే’. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఈ ఒక్క మాటకు గ్రీకులో రెండు అర్థాలు: మొదలు, పెత్తనం. యోహాను సువార్త గ్రీకులో ‘ఎన్ ఆర్ఖే’ అని మొదలవుతుంది. తెలుగు బైబిలులో అది ‘ఆదియందు’. అదే మాట నుంచి ఏథెన్సు నగరంలో ‘ఆర్ఖోన్’ అనే పదవి వచ్చింది. ఏటా తొమ్మిదిమంది ఆర్ఖోన్లు ఉండేవారు. వాళ్లలో ఒకరి పేరుతోనే ఆ ఏడాదిని పిలిచేవారు, మనం ప్రభవ, విభవ అన్నట్టు. ఇంగ్లీషులోకి వచ్చాక ఈ వేరు రెండు కొమ్మలైంది. ఆర్కియాలజీ, ఆర్కెయిక్ ‘మొదలు’ కొమ్మవి. మోనార్క్, అనార్కీ ‘పెత్తనం’ కొమ్మవి. ఆర్కిటెక్ట్ అంటే పెద్ద వడ్రంగి. అందులోని ‘తెక్తోన్’కు మన సంస్కృత ‘తక్షకుడు’ చుట్టం. తక్షకుడంటే పామొక్కటే కాదు, చెక్క చెక్కేవాడు కూడా. ఒక జాగ్రత్త: ఆర్చరీ, ఇంటి గుమ్మం మీది ఆర్చ్ ఈ వేరువి కావు. విల్లు అనే అర్థమున్న లాటిన్ మాట ‘ఆర్కుస్’ నుంచి వచ్చాయి. శబ్దం ఒకటే కదా అని కలిపేస్తే తప్పవుతుంది.

పేట్రియార్క్‌లో మాత్రం రెండు కొమ్మలూ ముడిపడి ఉన్నాయి. వంశానికి ‘మొదటివాడు’ అనుకోవచ్చు, వంశాన్ని ‘ఏలేవాడు’ అనుకోవచ్చు. మొదటివాడు ఏలేవాడే అయితీరాలని ఏమీ లేదు.

యూదుల హీబ్రూ గ్రంథాలను క్రీస్తుకు రెండు మూడు శతాబ్దాల ముందు గ్రీకులోకి మార్చారు. ఆ అనువాదంలో దినవృత్తాంతముల గ్రంథాల్లో ఈ మాట కనిపిస్తుంది. అక్కడ దాని అర్థం ‘పితరుల కుటుంబాల పెద్దలు’, అంటే తెగల మీద అధికారం ఉన్న మనుషులు. ఆదికాండంలో అబ్రాహామును ఆ మాటతో పిలవలేదు. ఆయనను అలా పిలిచింది కొత్త నిబంధనలో, హెబ్రీయులకు రాసిన పత్రికలో. అపొస్తలుల కార్యములలో యాకోబు పన్నెండుమంది కొడుకులనూ, దావీదునూ అదే మాటతో చెప్పారు. ఇక్కడ మన తెలుగు బైబిలు అనువాదకుల పని మెచ్చుకోవాలి. అబ్రాహాము, దావీదు దగ్గర ‘మూలపురుషుడు’ అన్నారు. యాకోబు కొడుకుల దగ్గర ‘గోత్రకర్తలు’ అన్నారు. ఇశ్రాయేలు గోత్రాల పేర్లు వాళ్లనుంచి వచ్చినవే కదా! ‘పాలించే తండ్రి’ అనలేదు. వాక్యం చూసి, వెలుగుతున్నది ‘మొదలు’ కొమ్మ అని పట్టుకున్నారు.

చర్చి సంగతి తొందరగా చెప్పేస్తాను. క్రైస్తవ చర్చిలో ఈ మాట పదవి పేరైంది. 451లో కాల్సిడాన్‌లో జరిగిన చర్చి పెద్దల సభ నాటికి రోము, కాన్‌స్టాంటినోపుల్, అలెగ్జాండ్రియా, అంతియొకయ, యెరూషలేము అనే అయిదు పీఠాలు పెద్దవిగా నిలిచాయి. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి చట్టాల్లో ఆ అయిదుగురికీ వరస ఖాయమైంది. మాస్కోకు 1589లో పేట్రియార్క్ వచ్చారు. మన దేశంలో కేరళ యాకోబాయ క్రైస్తవులు అంతియొకయ పేట్రియార్క్‌ను తమ పెద్దగా భావిస్తారు. గోవా ఆర్చిబిషప్పుకు 1886 నుంచి ‘ఈస్ట్ ఇండీస్ పేట్రియార్క్’ అనే బిరుదుంది. ఇక్కడ సంతానమూ లేదు, వంశమూ లేదు. తూర్పు చర్చిలో పేట్రియార్క్‌లు సాధారణంగా పెళ్లి చేసుకోని సన్యాసులే. అందుకని ఈ అర్థంలో తెలుగులో రాసేటప్పుడు అనువదించకుండా ‘పేట్రియార్క్’ అనే ఉంచడం మేలు. ‘మూలపురుషుడు’ అని రాస్తే చదివేవాళ్లు దారి తప్పుతారు.

తర్వాత 17వ శతాబ్దపు ఇంగ్లండుకు వెళదాం. రాబర్ట్ ఫిల్మర్ అనే ఆయన రాసిన పుస్తకం, ఆయన చనిపోయాక, 1680లో అచ్చయింది. దాని పేరే ‘పేట్రియార్కా’. ఆదాము మొదటి తండ్రి, కాబట్టి మొదటి రాజు. రాజులందరి అధికారం ఆ తండ్రి అధికారమే, దాన్ని ప్రశ్నించకూడదు అని ఆయన వాదన. చూశారా, ‘మొదలు’ను చూపించి ‘పెత్తనం’ రుజువు చేయబోయాడు! జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త దీన్ని వరసగా విప్పి ఖండించాడు. తల్లిదండ్రులిద్దరినీ గౌరవించమని బైబిలులో ఆజ్ఞ ఉంటే తల్లిని ఎక్కడ వదిలేశావు అన్నాడు. ఆదాము హక్కు వారసుడికి వస్తుందంటే ఇప్పుడు ఆ వారసుడెవరో చూపించు అన్నాడు. రెండిటికీ జవాబు లేదు.

ఇక మన ‘పితృస్వామ్యం’. ‘స్వ’ అంటే తనది. తనదంటూ కలవాడు స్వామి, ఆ హక్కు స్వామ్యం. భూస్వామ్యం, ప్రజాస్వామ్యం ఇలా అల్లినవే. అంటే ఈ తెలుగు మాటలో ‘మొదలు’ అన్న అర్థం పూర్తిగా రాలిపోయి పెత్తనమే మిగిలింది. సమాజం నడిచే తీరు గురించి రాసేటప్పుడు అది సరైన మాట. అబ్రాహాము గురించి రాసేటప్పుడు కాదు.

ఈ మాట దగ్గర పిల్లలే కాదు, పెద్దలూ చేసే పొరపాటు ఒకటుంది. ‘మా నాన్న అమ్మను ఒక్క మాట కూడా అనరు, మా ఇంట్లో పితృస్వామ్యం లేదు’ అంటారు. అది ఒక మనిషి స్వభావానికి పేరు కాదు, ఒక ఏర్పాటుకు పేరు. ఏదైనా పాత దరఖాస్తు ఫారం తీసి చూడండి: ‘తండ్రి / భర్త పేరు’ అని ఒక గడి ఉంటుంది. అమ్మ పేరుకు గడి ఉండదు. ఆ ఫారం నింపే నాన్న ఎంత మెత్తనివాడైనా ఆ గడి అలాగే ఉంటుంది. ఇంటిపేరు ఎవరిది, పొలం పట్టా ఎవరి పేరున ఉంది, తలకొరివి ఎవరు పెట్టాలంటారు: చూడవలసింది ఇవి.

తలకొరివి అన్నాను కనుక ‘కర్త’ గురించి చెప్పాలి. నా లెక్కలో ఆర్ఖేకు తెలుగులో అతి దగ్గరగా వచ్చే మాట ఇదే. గోత్రాన్ని మొదలుపెట్టినవాడు గోత్రకర్త. కర్మ జరిపించేవాడు కర్త. హిందూ ఉమ్మడి కుటుంబం ఆస్తిని చూసుకునేవాడికి చట్టం వాడే మాట కూడా కర్తే. ఈ కర్త యజమాని కాడు, నిర్వాహకుడు. కుటుంబ అవసరానికో మేలుకో తప్ప ఉమ్మడి ఆస్తిని తన ఇష్టానికి అమ్మేయలేడు. ఇంతకాలం అది మగవాళ్ల స్థానం, ఎందుకంటే పుట్టుకతో వాటా కొడుకులకే ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి, పెళ్లితో సంబంధం లేకుండా వచ్చింది. అందరికన్నా పెద్దదైతే కూతురు కూడా కర్త కావచ్చని 2015 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

‘మాట్రియార్క్’ అనేది పేట్రియార్క్‌ను చూసి ఇంగ్లీషువాళ్లు తర్వాత అల్లుకున్న మాట. ‘పత్రియా’ను ‘పతేర్’ అనుకుని, దాన్ని తీసి తల్లిని పెట్టారు. మేఘాలయ ఖాసీలను ‘మాట్రియార్కీ’ అని రాసేస్తుంటారు, అది సరికాదు. అక్కడ వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది, ఇల్లు చిన్నకూతురికి వస్తుంది. కానీ కుటుంబ వ్యవహారాల్లో పెద్దమాట సంప్రదాయంగా మేనమామది. మొదలు ఒకరి దగ్గర, పెత్తనం ఇంకొకరి దగ్గర. అందుకని దాన్ని ‘మాతృవంశ పద్ధతి’ అనాలి.

పత్రియా అంటే ఏమిటో కాగితం మీద చూడాలంటే వంశవృక్షం గీయండి. అడుగున మీ పేరు. పై వరసలో అమ్మ, నాన్న. దానిపైన 4 గడులు, ఆపైన 8: నలుగురు ముత్తాతలు, నలుగురు తాతమ్మలు. ఆ ఎనిమిదిమందిలో మీ ఇంటిపేరు తెచ్చిన వరస ముత్తాత ఒక్కరే. పది తరాలు వెనక్కి వెళితే 1,024 గడులు, అక్కడ కూడా మీరు ‘మూలపురుషుడు’ అనే వరస ఒక్కటే. మీ అమ్మానాన్నలది మేనబావ మరదళ్ల పెళ్లి అయితే మాత్రం ముత్తాతల వరసలో 8 గడులకు మనుషులు ఆరుగురే వస్తారు. నాన్నవాళ్ల అమ్మ, అమ్మవాళ్ల నాన్న తోబుట్టువులు కావడమో, నాన్నవాళ్ల నాన్న, అమ్మవాళ్ల అమ్మ తోబుట్టువులు కావడమో దానికి కారణం. లెక్క తప్పిందని కొట్టేయకండి, అదే సరైనది. ఆడవాళ్ల గడుల్లో పుట్టింటి ఇంటిపేరు రాయండి. తాతమ్మల నలుగురి పుట్టింటి పేర్లూ ముందు అడిగి రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు త్వరగా మరిచిపోయేది అవే.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ