ముల్లంగి నిల్వ: ఆకు ఉంచాలా, కొయ్యాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మేం పండించిన ముల్లంగిని రైతుబజారులో మేమే అమ్ముతాం. ఆకు కోసివ్వమంటారా అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: "వద్దులే బాబూ, ఆకుతో ఉంటేనే తాజాగా ఉంటుంది." అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే కాబట్టి దీంతోనే మొదలుపెడతాను.

అపోహ: ఆకులుంటే దుంప వాడదు.

అసలు దుంపను వాడ్చేదే ఆ ఆకులు. మట్టిలోంచి పీకాక వేరుకు నీరందదు. ఆకు మాత్రం తన పని ఆపదు, దాన్లోంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. అదంతా దుంపలోంచి లాగిన నీరే. ముందు ఆకు వాలుతుంది, ఆ తర్వాత దుంప మెత్తబడుతుంది. కొనేటప్పుడు మాత్రం ఆకుతోనే కొనండి, ఎంత తాజాదో ఆకును చూస్తే తెలిసిపోతుంది. ఇంటికెళ్లగానే కోసెయ్యండి. కాడ మొదలు వరకే కొయ్యాలి, కత్తి దుంపలోకి దిగకూడదు. తోకవేరు కూడా వండేదాకా అలాగే ఉండనివ్వండి. గాటు పడిన చోటల్లా నీరు పోతుంది, కుళ్లు మొదలవుతుంది.

కోసిన ఆకు పారెయ్యకండి. సి విటమిన్, కాల్షియం దుంపలోకన్నా ఆకులోనే ఎక్కువ. ఒకటి రెండు రోజుల్లో పెసరపప్పు వేసి వండేసుకోండి.

అపోహ: కడిగి పెడితే ఎక్కువ రోజులుంటుంది.

తడి ఉన్న చోట జిగురు పడుతుంది. మట్టి ఉంటే పొడిగుడ్డతో దులిపితే చాలు, వండే ముందు కడగండి. బజారుకొచ్చేది ఎలాగూ కడిగిన సరుకే. తెల్లగా మెరవకపోతే ఎవరూ కొనరు కదా! అందుకే తడి పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి.

అపోహ: ఫ్రిజ్‌లో పడేస్తే చాలు.

ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది. విడిగా పెట్టిన దుంప కొద్దిరోజులకే రబ్బరులా వంగుతుంది. నూలుగుడ్డ చుట్టి, కవరులో పెట్టి, మూతి కాస్త వదులుగా ఉంచి కూరగాయల అరలో పెట్టండి. కవరు లోపల నీటి చుక్కలు కనిపిస్తే గుడ్డ మార్చండి. సున్నా డిగ్రీల చలి, 95 శాతం తేమ ఉండే శీతల గిడ్డంగిలో ఆకు తీసిన ముల్లంగి మూడు నాలుగు వారాలుంటుంది. ఆకుతో కట్టిన కట్టలైతే వారం, మహా అయితే రెండు వారాలు. ఇంటి ఫ్రిజ్‌లో అంత చలి ఉండదు, వారం పది రోజులు నిలిస్తే చాలనుకోండి.

ఫ్రిజ్ లేనివాళ్లు తడిగోనె చుట్టి నీడన పెడతారు. అనంతపురం లాంటి పొడి గాలిలో ఇది బాగానే పనిచేస్తుంది. కాకినాడ ఉక్కలో ఆ తడి ఆరదు, చల్లబడదు, కుళ్లడం మాత్రం ఖాయం.

అపోహ: వాడినా, బెండుబారినా ఒకటే. నీళ్లలో వేస్తే సరి.

వాడిన దుంపలో నీరు తగ్గింది, అంతే. చల్లటి నీళ్లలో గంటసేపు ఉంచితే మళ్లీ బిగుస్తుంది. బెండు చాలావరకు మీ వంటింట్లో పుట్టింది కాదు, పొలంలోనే పడింది. పూసా చేత్కి లాంటి రకాన్ని 40-45 రోజులకు పీకెయ్యాలి. ధర పెరుగుతుందని ఇంకో వారం ఆపితే, అందులోనూ ఎండలు ముదిరితే, పైకి నున్నగా ఉన్నా లోపల బెండే. మా రైతులు కొందరు చేసే పనే ఇది, దాచడం ఎందుకు? దీనికి ఏ నీళ్లూ మందు కావు.

అందుకే కొనేటప్పుడే చూసుకోండి. చేతిలోకి తీసుకుంటే సైజుకు తగ్గ బరువుండాలి. ఒక ఆకు కాడను మొదట్లో అడ్డంగా విరిచి చూడండి. కాడ లోపల తెల్లగా, దూదిలా ఉంటే దుంప మీద కూడా అనుమానపడాల్సిందే. గోరుతో మాత్రం గిచ్చకండి. మీరు గిచ్చి వదిలేసినవి సాయంత్రానికి మచ్చపడతాయి, ఆ నష్టం మాది.

అపోహ: తురిమి డబ్బాలో పెట్టుకుంటే పొద్దున్నే పని సులువు.

పని సులువే, ఫ్రిజ్ తలుపు తీస్తే మాత్రం ఆ వాసన భరించలేరు. ముల్లంగిలో ఘాటు ముందుగా తయారై ఉండదు. కోసినప్పుడు కణాలు చితికి గ్లూకోసినోలేట్లు అనే గంధక పదార్థాలు, మైరోసినేజ్ అనే ఎంజైమ్ కలిసినప్పుడే పుడుతుంది. కాసేపటికి ఆ ఘాటు విరిగి గంధకపు వాసనగా మారుతుంది. తురిమితే ఇది మరీ ఎక్కువ. పరోటాకైనా పెరుగు పచ్చడికైనా అప్పటికప్పుడే తురుముకోండి. సాంబారు చక్రాలైతే నీళ్లలో వేసి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచుకోవచ్చు.

ఫ్రీజర్ జోలికి వెళ్లకండి. పచ్చి ముక్కలు కరిగాక నీళ్లోడుతూ మెత్తబడిపోతాయి.