ఫెమ్టో లేజర్‌లో వేడే పుట్టదా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

హన్మకొండ, కరీంనగర్ వైపు ఎక్కడికి పోయినా అతి చిన్న మెరుపులుగా వెలుగునిచ్చే ఫెమ్టోసెకండ్ ఫైబర్ లేజర్ పని అనగానే ఎదురయ్యే మాటలివి.

అపోహ: "నగల మీద నంబర్ కొట్టేది గూడ ఫైబర్ లేజరే గదన్నా. ఫెమ్టో అంటే గదే గద?"

కాదు. రెండింట్లోనూ ఇటెర్బియం అనే లోహం కలిపిన గాజు ఫైబరే ఉండొచ్చు, తరంగదైర్ఘ్యమూ కొంచెం అటూఇటుగా ఒకటే. తేడా అంతా పల్స్ (ఒక్కో వెలుగు మెరుపు) ఎంతసేపు ఉంటుందన్న దాంట్లోనే. మార్కింగ్ మిషన్లలో అది మామూలుగా వంద నానోసెకన్ల చుట్టూ ఉంటుంది (నానోసెకను అంటే సెకనులో వంద కోట్ల వంతు). గేట్ల డిజైన్లకు రేకులు కోసే కిలోవాట్ మిషన్లలో వెలుగు ఆగకుండా వస్తూనే ఉంటుంది. ఫెమ్టో లేజర్‌ది, ఉదాహరణకు, 250 ఫెమ్టోసెకన్లు; ఫెమ్టోసెకను అంటే నానోసెకనులో పది లక్షల వంతు. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే వెలుగు ఆ కాస్తలో 75 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువే, కదులుతుంది.

అపోహ: వాట్లు ఎంత ఎక్కువుంటే లేజర్ అంత గట్టిది.

మందపాటి రేకు కోయాలంటే నిజమే, ఆ పనికి ఫెమ్టో కొనడం డబ్బు దండగ. ఇక్కడ లెక్క వేరు. సగటున 10 వాట్ల లేజర్ సెకనుకు 2 లక్షల పల్స్‌లు ఇస్తే ఒక్కోదానిలో 50 మైక్రోజౌళ్లు. దాన్ని 250 ఫెమ్టోసెకన్లతో భాగించండి: 200 మెగావాట్లు. రామగుండం ఎన్టీపీసీలో ఒక చిన్న యూనిట్ సామర్థ్యమంత! అంత తీవ్రతను సన్నటి ఫైబర్ తట్టుకోదు, పల్స్ ఆకారమూ చెడుతుంది. అందుకే ముందు పల్స్‌ను సాగదీసి, శక్తి పెంచి, బయటికొచ్చాక గ్రేటింగ్‌లతో (సన్నటి గీతలున్న పలకలతో) మళ్లీ కుదిస్తారు. 1985లో డోనా స్ట్రిక్‌ల్యాండ్, జెరార్ మూరూ చూపిన ఈ పద్ధతికే 2018 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం దక్కింది.

అపోహ: ఇది చల్లటి లేజర్, వేడే పుట్టదు.

అమ్మేవాళ్ల బ్రోచర్లు పెంచిన అపోహ ఇది. సగం నిజం కాబట్టే మొండిది. వెలుగును ముందు ఎలక్ట్రాన్లు తీసుకుంటాయి, అక్కడి నుంచి అణువుల అల్లికకు వేడి చేరడానికి కొన్ని పికోసెకన్లు (ఒక్కోటి వెయ్యి ఫెమ్టోసెకన్లు) పడుతుంది. ఈలోపు పల్స్ అయిపోతుంది, పదార్థం పెద్దగా కరగకుండానే ఎగిరిపోతుంది. ఈ లేజర్‌తో కోసిన గుండె స్టెంట్ల అంచులు నునుపుగా రావడానికి కారణమిదే.

అయితే ప్రతి పల్స్ కాస్త వేడి మిగిల్చే పోతుంది. అది చెదిరేలోపే అదే చోట తర్వాతి పల్స్ పడితే వేడి పేరుకుంటుంది. స్టీలు రంగు మారుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. అప్పుడు పవర్ తగ్గించే ముందు స్కానింగ్ వేగం పెంచి చూడండి. గాజుకు గాజు అతికించేటప్పుడు మాత్రం ఈ పేరుకున్న వేడే పనికొస్తుంది!

అపోహ: కంటి చూపు సరిచేసే లేసిక్ ఆపరేషన్ మొత్తం ఫెమ్టోతోనే చేస్తారు.

చాలాచోట్ల ఫెమ్టో కంటి ముందుభాగంలోని కార్నియాపై పొర వరకే కోస్తుంది. వంపు సరిచేసేది 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్. స్మైల్ అనే మరో పద్ధతిలో మాత్రం మొత్తం ఫెమ్టోదే.

అపోహ: కనబడని వెలుగేగా, నల్లద్దాలు పెట్టుకుంటే చాలు.

1030 నానోమీటర్ల వెలుగు కనబడదు కాబట్టి రెప్ప పడదు, కంటి కటకం దాన్ని నేరుగా రెటీనా మీద చుక్కలా కేంద్రీకరిస్తుంది. గాగుల్స్ మీద తరంగదైర్ఘ్యం, ఓడీ అంకె (వెలుగును ఎంత అడ్డుకుంటాయో చెప్పేది) అచ్చయి ఉండాలి. ఎర్బియం కలిపిన ఫైబర్ ఇచ్చే 1550 నానోమీటర్ల వెలుగును "కంటికి సేఫ్" అంటారుగానీ, అది కార్నియాను కాల్చగలదు. పైగా మైక్రోస్కోపుల కోసం దాన్నే 780కి మారుస్తారు, అది రెటీనా దాకా పోతుంది. 1550 గాగుల్స్ అక్కడ పనికిరావు.