దగ్గు మందు: ఓడ ఎక్కే సీసాకే పరీక్ష

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో ఇరవై మందికి పైగా పసిపిల్లలు దగ్గు మందు తాగి చనిపోయాక, తప్పు మీదంటే మీదని ప్రభుత్వాలు వాదులాడుకుంటున్నాయి. మందు తయారైంది తమిళనాడులో, అక్కడి అధికారులు ఫ్యాక్టరీని పట్టించుకోలేదు కాబట్టే మా పిల్లలు పోయారని మధ్యప్రదేశ్ అంటోంది. కబురందిన వెంటనే నమూనా తీసి, పరీక్షించి, విషాన్ని బయటపెట్టింది మేమేనని తమిళనాడు అంటోంది. లైసెన్సు ఇచ్చేదీ, తనిఖీ చేసేదీ రాష్ట్రాలే కదా అని కేంద్రం అంటోంది. మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఎగుమతి చేసే దగ్గు మందుల మీద 2023 జూన్ 1న అమల్లోకి వచ్చిన ఒక ఉత్తర్వు ఊసు మాత్రం ఈ ముగ్గురిలో ఎవరూ ఎత్తడం లేదు. ఈ దేశంలో తయారైన దగ్గు మందును ఎవరి పిల్లల కోసం పరీక్షించాలో, ఎవరి పిల్లల కోసం అక్కర్లేదో తేల్చింది ఆ ఉత్తర్వేనని నా అభిప్రాయం.

ముందు 2025 అక్టోబరు మొదటి వారం సంగతి. ఛింద్వారా జిల్లా పరాసియా ప్రాంతంలో జలుబు, జ్వరంతో డాక్టర్ల దగ్గరికి వెళ్లిన పిల్లల్లో చాలామంది ఐదేళ్లలోపు వాళ్లు. సిరప్ తాగాక మూత్రం ఆగిపోయింది. నాగపూర్ ఆస్పత్రులకు తీసుకెళ్లి డయాలసిస్ చేయించినా ఎక్కువ మంది దక్కలేదు. తాము తీసిన ఆరు నమూనాల్లోనూ, మధ్యప్రదేశ్ అధికారులు పరీక్షించిన మూడింటిలోనూ డైఇథలీన్ గ్లైకాల్ అనే విష ద్రవం లేదని అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఆ రాత్రే తమిళనాడు ఫలితం చేరింది. కాంచీపురం జిల్లా సుంగువార్‌ఛత్రంలోని శ్రీసన్ ఫార్మాస్యూటికల్స్ ఫ్యాక్టరీలో తీసిన కోల్డ్‌రిఫ్ సిరప్, బ్యాచ్ నంబరు ఎస్‌ఆర్-13లో ఆ విషం 48.6 శాతం ఉంది. ఉండదగ్గ పరిమితి 0.1 శాతం. అంటే సీసాలో ఇంచుమించు సగం విషమే.

తమిళనాడు ఈ పని వేగంగా చేసింది, ఒప్పుకోవాలి. అయితే శ్రీసన్‌కు 2011లో లైసెన్సు ఇచ్చిందీ, 2016లో దాన్ని పొడిగించిందీ ఆ రాష్ట్రమే. ఫ్యాక్టరీలో మూడు వందలకు పైగా లోపాలు ఆ అధికారులకు కనిపించింది పిల్లలు పోయాకే. సిరప్‌లో మందును కరిగించే ద్రవమైన ప్రొపిలీన్ గ్లైకాల్‌లో మందుకు వాడే రకం కానిది కొనడం, కొన్నదాన్ని పరీక్షించకుండానే సిరప్‌లో కలపడం లాంటివి అప్పుడే బయటపడ్డాయి. తర్వాత యజమానిని అరెస్టు చేశారు, లైసెన్సు రద్దు చేశారు. సిరప్ రాసిన డాక్టరును మధ్యప్రదేశ్ పోలీసులు అంతకన్నా ముందే పట్టుకెళ్లారు. ఈ సిరప్‌లోలా ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ అనే జలుబు మందులు కలిపినవి నాలుగేళ్లలోపు పిల్లలకు వద్దని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది కాబట్టి, ఆ మందు ఎందుకు రాశారని డాక్టరును అడగాల్సిందే. కానీ సీసాలో సగం విషం ఉందని ఏ డాక్టరుకు తెలుస్తుంది?

ఆ బ్యాచ్ సీసాలు ఎక్కడున్నా వాడొద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు కూడా హెచ్చరిక ఇచ్చారు. ఆ తర్వాత గుజరాత్‌లో తయారైన రిలైఫ్, రెస్పిఫ్రెష్ టీఆర్ అనే మరో రెండు సిరప్‌లలోనూ అదే విషం తేలింది. అవి వేరే కంపెనీలవి, వేరే రాష్ట్రానివి. ఒక్క దుర్మార్గుడు, ఒక్క ఫ్యాక్టరీ అని సరిపెట్టుకునే వీల్లేకుండా పోయింది.

ఈ విషం గురించి నాలుగు మాటలు. సిరప్‌లో మందు కరగడానికి, చిక్కదనానికి గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ లాంటివి వాడతారు. డైఇథలీన్ గ్లైకాల్ పరిశ్రమల్లో వాడే చవక ద్రవం, బ్రేక్ ఆయిల్‌లోనూ కలుపుతారు. అది కూడా రంగు లేకుండా, తియ్యగానే ఉంటుంది, కంటికి గానీ నాలుకకు గానీ తేడా తెలియదు. ఒంట్లోకి వెళ్లాక డైగ్లైకాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాల్లోని సన్నని నాళాల కణాలను చంపేస్తుంది. 1937లో అమెరికాలో వంద మందికి పైగా ప్రాణాలు తీసింది, మర్నాటి ఏడు అక్కడ కొత్త చట్టం తెచ్చింది ఇదే. ఆ కథ చాలాసార్లు రాసిందే, ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టను. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: డ్రమ్ములో వచ్చిన ద్రవం ఏమిటో ఫ్యాక్టరీ ల్యాబులో పరీక్షిస్తే దొరికిపోతుంది. ముడి పదార్థాన్ని బ్యాచ్ బ్యాచ్‌కూ పరీక్షించాలని మన ఔషధ నిబంధనలు ఏనాటి నుంచో చెబుతున్నాయి. పరీక్షించారో లేదో చూసే మనిషే లేడు.

ఇప్పుడు అసలు మలుపు. 2022 అక్టోబరు 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక హెచ్చరిక జారీ చేసింది. హర్యానాలోని సోనీపత్‌లో మెయిడెన్ ఫార్మాస్యూటికల్స్ తయారు చేసిన నాలుగు సిరప్‌లలో డైఇథలీన్ గ్లైకాల్, అలాంటిదే అయిన ఇథలీన్ గ్లైకాల్ ఉన్నాయని, ఆఫ్రికాలోని గాంబియాలో అరవై మందికి పైగా పిల్లల చావులకు వాటితో సంబంధం ఉండొచ్చని చెప్పింది. ఆ డిసెంబరులోనే ఉజ్బెకిస్తాన్ నుంచి మరో కబురు: నోయిడాలోని మారియన్ బయోటెక్ చేసిన డాక్-1 మ్యాక్స్ తాగి అక్కడా పిల్లలు చనిపోయారు.

మన ప్రభుత్వం ఎలా స్పందించిందో చూడండి. మెయిడెన్ తన దగ్గర దాచిన నమూనాలను పరీక్షిస్తే విషమేమీ లేదని, ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగానే ప్రకటన చేయడం వల్ల భారతీయ మందుల నాణ్యత మీద ప్రపంచమంతా ప్రచారం సాగిందని 2022 డిసెంబరులో భారత ఔషధ నియంత్రణ అధిపతి ఆ సంస్థకు లేఖ రాశారు. అదే నెల గాంబియా పార్లమెంటు కమిటీ మాత్రం మెయిడెన్ మీద కేసు పెట్టాలని సిఫారసు చేసింది. ఉజ్బెకిస్తాన్ కోర్టు 2024 ఫిబ్రవరిలో 23 మందికి జైలు శిక్షలు వేసింది. నోయిడాలో తీసిన మారియన్ నమూనాలు 36 పరీక్షిస్తే 22 ప్రమాణాలకు తగ్గట్టు లేవని మన చండీగఢ్ ప్రభుత్వ ల్యాబులోనే తేలింది. పరువు కాపాడుకోవాలన్న తపన ఢిల్లీ రాసిన ప్రతి అక్షరంలోనూ ఉంది. ఇదే విషం మన ఊళ్లలో అమ్మే సీసాల్లో ఉందా అన్న ప్రశ్న మాత్రం లేదు.

ఆ తపనలోంచి పుట్టిందే 2023 మే నెలలో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చిన ఉత్తర్వు. జూన్ 1 నుంచి ఎగుమతి చేసే ప్రతి దగ్గు మందు బ్యాచ్‌నూ ప్రభుత్వ ల్యాబులో పరీక్షించి, సర్టిఫికెట్ ఉంటేనే దేశం దాటనివ్వాలి. మందుల ప్రమాణాల గ్రంథమైన ఫార్మకోపియాను రూపొందించే ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్, కోల్‌కతా, చెన్నై, ముంబయి, చండీగఢ్, గువాహటి ల్యాబులతో పాటు మన హైదరాబాద్‌లోని సెంట్రల్ డ్రగ్స్ టెస్టింగ్ ల్యాబొరేటరీ కూడా ఆ జాబితాలో ఉంది. ఉత్తర్వు ఇచ్చింది ఆరోగ్య శాఖ కాదు, వాణిజ్య శాఖ కింది డైరెక్టరేట్. ఏ బాధతో ఇచ్చారో చెప్పడానికి ఆ ఒక్కటి చాలు.

ఉత్తర్వు మంచిదే. అది పని చేసింది కూడా. తొలి నెలల్లో, అంటే 2023 అక్టోబరు వరకు వచ్చిన 2,104 పరీక్షా నివేదికల్లో 128 ప్రమాణాలకు తగ్గట్టు లేవని తేలింది. అవి 54 కంపెనీల సరుకు. కొన్నింటిలో ఇదే గ్లైకాల్ విషం, కొన్నింటిలో సూక్ష్మజీవులు, కొన్నింటిలో మందు మోతాదు తేడా. సర్టిఫికెట్ రాని సరుకు ఎగుమతి కాకుండా ఆగింది. విదేశాలకు పంపే కంపెనీల సరుకులోనే ఆరు శాతం తప్పితే, ఇక్కడి సందుగొందుల మెడికల్ షాపులకు పోయే సరుకు సంగతేంటని ఆ రోజే ఎవరైనా అడగాలి. ల్యాబులున్నాయి, పద్ధతి తెలుసు, ఎంత శాతం తప్పుతుందో లెక్క చేతిలో ఉంది. అయినా అలాంటి పరీక్షను దేశంలో అమ్మే సీసాలకు వర్తింపజేయలేదు. ఆ తర్వాత రెండేళ్లకు, 2025 మే నెలలో, శ్రీసన్‌లో ఎస్‌ఆర్-13 బ్యాచ్ తయారైంది. అది ఎగుమతి సరుకై ఉంటే చెన్నై ల్యాబు దాటేది కాదు.

దేశంలో అమ్మే బ్యాచులు లెక్కలేనన్ని, ల్యాబులు చాలవన్నది ప్రభుత్వం వైపు వాదన. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు షాపుల నుంచి నమూనాలు తీస్తూనే ఉన్నారని, నాసిరకం మందుల జాబితా నెలనెలా విడుదల చేస్తున్నామని కూడా అంటారు. అది నిజమే. కాకపోతే ఆ నమూనా తీసేసరికి మిగతా సీసాలు ఇళ్లకు చేరిపోతాయి.

మన పిల్లలు చావడం అప్పటికి కొత్త కూడా కాదు. గాంబియాకు మూడేళ్ల ముందు, 2019 డిసెంబరు, 2020 జనవరి నెలల్లో జమ్మూలోని ఉధంపూర్ జిల్లా రామ్‌నగర్‌లో పదిమందికి పైగా పసిపిల్లలు ఇలాగే పోయారు. హిమాచల్ ప్రదేశ్‌లోని కాలా అంబ్‌లో డిజిటల్ విజన్ అనే కంపెనీ చేసిన కోల్డ్‌బెస్ట్-పీసీ సిరప్‌లో డైఇథలీన్ గ్లైకాల్ సుమారు 35 శాతం ఉందని చండీగఢ్ ల్యాబు తేల్చింది. అప్పుడు ఏ దేశమూ మనల్ని వేలెత్తి చూపలేదు, కాబట్టి ఏ ఉత్తర్వూ రాలేదు. ఆ తల్లిదండ్రులకు మూడేసి లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ చెప్పింది. అక్కడి ఔషధ నియంత్రణ శాఖ అలసత్వం ఉందని కూడా చెప్పింది. ఆ మూడు లక్షలు ఇవ్వలేమంటూ జమ్మూకశ్మీర్ ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లింది, ఓడింది, సుప్రీంకోర్టుకు వెళ్లింది, అక్కడా ఓడింది. కూలీనాలీ చేసుకునే కుటుంబాలతో ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా పోరాడిన కేసు ఇది. ఛింద్వారాలో ఇవాళ పరిహారం ప్రకటనలు వింటున్న వాళ్లు రామ్‌నగర్ వాళ్లకు ఏం జరిగిందో తెలుసుకోవాలి.

ఇంకా వెనక్కి వెళ్తే 1998లో గురుగ్రామ్ ప్రాంతం నుంచి ఢిల్లీ ఆస్పత్రులకు వచ్చిన 36 మంది పిల్లల్లో 33 మంది చనిపోయారు. అదీ దగ్గు మందే. అంతకుముందు 1986లో ముంబయి జేజే ఆస్పత్రిలో చికిత్స కోసం ఇచ్చిన గ్లిజరిన్‌లో ఈ విషం ఉండి 14 మంది రోగులు పోయారు. దాని మీద వేసిన జస్టిస్ లెంటిన్ కమిషన్ నివేదికను ఈ రోజు చదివినా ఒళ్లు మండుతుంది. పరిశ్రమకు వాడే గ్లిజరిన్ ఆస్పత్రి దాకా ఎలా వచ్చిందో, కొనుగోళ్లలో, ఔషధ నియంత్రణ శాఖలో, మంత్రుల జోక్యంలో ఏం జరిగిందో జస్టిస్ లెంటిన్ పొల్లుపోకుండా రాశారు. రాష్ట్ర ఆరోగ్య మంత్రి రాజీనామా చేశారు. సరఫరా గొలుసులో లోపం ఎక్కడుందో దేశానికి తెలియదని ఆ తర్వాత ఎవరూ అనలేరు.

లైసెన్సు ఒక రాష్ట్రం ఇస్తుంది, సరుకు దేశమంతా అమ్ముడవుతుంది. నేటి తగువుకు చట్టంలో ఉన్న మూలం ఇది. ఈ చిక్కు తీర్చడానికి కేంద్ర స్థాయిలో బలమైన ఔషధ సంస్థ కావాలని కేంద్రం వేసిన మాషెల్కర్ కమిటీ 2003లోనే సూచించింది. తయారీ యూనిట్లు యాభైకి ఒకరు, షాపులు రెండు వందలకు ఒకరు చొప్పున ఇన్‌స్పెక్టర్లు ఉండాలని కూడా చెప్పింది. దానికోసం 2007లో ఒక బిల్లు, 2013లో మరో బిల్లు రాజ్యసభకు వచ్చాయి. ఏదీ చట్టం కాలేదు. అధికారం పోతుందని రాష్ట్రాలు, భారం పెరుగుతుందని కేంద్రం అందులో సమానంగానే తప్పుకున్నాయి.

గాంబియా తర్వాత ఆరోగ్య శాఖ తెచ్చిన మార్పు ఒకటుంది, దాన్ని తక్కువ చేయకూడదు. మంచి తయారీ పద్ధతులు చెప్పే షెడ్యూల్ ఎమ్‌ను 2023 డిసెంబరులో పూర్తిగా మార్చి రాశారు. 250 కోట్ల రూపాయల పైన టర్నోవర్ ఉన్న కంపెనీలకు ఆరు నెలలు, చిన్న కంపెనీలకు ఏడాది గడువిచ్చారు. డబ్బు లేదని, వేలాది యూనిట్లు మూతబడతాయని చిన్న కంపెనీల సంఘాలు మొరపెట్టుకోవడంతో, అభివృద్ధి ప్రణాళిక సమర్పించిన వాళ్లకు ఆ గడువును 2025 డిసెంబరు 31 దాకా పొడిగించారు. వాళ్ల ఇబ్బంది నిజమే కావచ్చు. కానీ డ్రమ్ములోని ద్రవాన్ని పరీక్షించమని చెప్పింది కొత్త షెడ్యూల్ కాదు, పాత నిబంధన. దానికి గడువు అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఛింద్వారా తర్వాత కేంద్రం రాష్ట్రాలకు లేఖలు రాసింది, ఆరు రాష్ట్రాల్లో 19 యూనిట్ల తనిఖీ మొదలుపెట్టింది, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు మందులు రాయొద్దని సలహా ఇచ్చింది. తయారైన సిరప్‌లోనూ ఈ విషాల కోసం పరీక్ష చేయాలని ఫార్మకోపియాలో చేర్చారు. ఆ పరీక్ష చేసుకోవాల్సింది కంపెనీ సొంత ల్యాబులో. ప్రభుత్వ ల్యాబు సర్టిఫికెట్ లేనిదే సరుకు కదలకూడదన్న నియమం ఉన్నది ఎగుమతులకు మాత్రమే. పరాసియాలో, రామ్‌నగర్‌లో, మన పల్లెల్లో అమ్మే సీసాలకు దాన్ని వర్తింపజేయడానికి ఎన్ని ల్యాబులు కావాలో, ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి పార్లమెంటు ముందు పెట్టమని ఆరోగ్య శాఖను అడగాల్సిన సమయం ఇదే.