నల్ల కారు మీద తెల్ల చారలు: తుడవడం గురించి అపోహలు - వాస్తవాలు

నేను వైజాగ్‌లో మధురవాడ వైపు కార్ల డీటెయిలింగ్ పని, అంటే కారుని లోపలా బయటా క్షుణ్ణంగా శుభ్రం చేసి మెరుగుపెట్టే పని చేస్తాను. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు కారు కడుక్కునేవాళ్లు మా దగ్గరికొచ్చి అడిగేది దాదాపు ఒకటే: షాంపూ మంచిదే వాడాం, బాగా రుద్దాం, అయినా ఆరాక చూస్తే చారలు, తెల్ల చుక్కలు, ఎందుకండీ? కడగడం సరిపోలేదేమో అనుకుని మరుసటి వారం ఇంకాస్త షాంపూ పోసి ఇంకాస్త రుద్దుతారు, దాంతో గీతలు కూడా పడతాయి. చాలాసార్లు లోపం కడగడంలో ఉండదు. బాడీ మీద నీళ్లు వాటంతటవే ఆరిపోయే దాకా వదిలేయడమే అసలు కారణం.

అపోహ: ఎండలో పెడితే అదే ఆరిపోతుంది

ఆరుతుంది. కానీ ఆవిరయ్యేది నీరు ఒక్కటే, అందులో కరిగున్న కాల్షియం, మెగ్నీషియం, ఉప్పు పెయింట్ మీదే ఉండిపోతాయి. నీళ్ల టీడీఎస్ (లీటరులో కరిగున్న లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే అంకె) 500 అంటే లీటరు ఆవిరైతే అర గ్రాము పొడి మిగులుతుందని లెక్క. తాగునీటికి దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ బీఐఎస్ పెట్టిన పరిమితే 500, వేరే దిక్కు లేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా కారు మీద మచ్చ వదులుతాయి, ఇక తీరానికి దగ్గరున్న కాలనీల్లో ఉప్పగా వచ్చే బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మీ బాత్రూమ్ బకెట్ అంచుకి తెల్లగా గార కడుతుంటే, ఆ నీళ్లతో కడిగిన బానెట్ మీదా అదే గార.

నీటి చుక్క భూతద్దంలా ఎండని పోగేసి పెయింట్‌ని కాల్చేస్తుందని కూడా అంటుంటారు. చదునైన రేకు మీద కూర్చున్న చుక్కకి ఆ శక్తి లేదండి. చుక్క చిన్నదయ్యే కొద్దీ అందులోని లవణాలు చిక్కబడతాయి, వేడెక్కిన రేకు మీద గట్టిగా పట్టేస్తాయి, మచ్చ దాని వల్లే. అందుకే నీడలో, బానెట్ చేతికి చల్లగా తగిలినప్పుడే కడగండి. మన దగ్గర మే నెలలో అయితే పొద్దున్న ఏడు లోపే.

అపోహ: ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు ఫిల్టర్ నీళ్లే కదా

ఇది విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే నీళ్లు ఆదా చేద్దామన్న మంచి ఉద్దేశంతోనే చేస్తారు. ఆర్వో మెషీన్ మంచి నీళ్లని ఒక పక్కకి తీసి, లవణాలన్నిటినీ ఆ వేస్ట్ పైపులోకి పంపుతుంది. అవి మీ కుళాయి నీళ్ల కంటే చిక్కని ఉప్పు నీళ్లు. టైర్ల మీద మట్టి వదలగొట్టడానికి వాడుకుని, ఆ తర్వాత కుళాయి నీళ్లతో కడిగేయండి. చివరి కడుగుడికి మాత్రం వద్దు. దానికి ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టుకోండి. గాల్లో తేమ చల్లబడి వచ్చే నీళ్లు కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు, వైజాగ్ ఉక్కకి ఒక్క రాత్రిలోనే బకెట్‌లో బాగానే చేరతాయి. శుభ్రమైన బకెట్‌లో పట్టి, గుడ్డతో వడగట్టి, ఆఖర్న కారు టాప్ మీంచి పోస్తే సరి.

అపోహ: కోటింగ్ చేయించాం, ఇక తుడవక్కర్లేదు

వేలకు వేలు పోసి సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే, నీళ్లు నిలవనివ్వని రక్షణ పొర) చేయించుకున్నవాళ్లే ఎక్కువ మచ్చలతో వస్తారు. కోటింగ్ మీద నీళ్లు గుండ్రటి చుక్కలుగా నిలబడతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ చుక్క అక్కడే ఆరితే దాని లవణమంతా ఒక్కచోట ఉంగరంలా మిగులుతుంది. కోటింగ్ వల్ల తుడవడం సులువవుతుంది, అంతే. అమ్మేటప్పుడు ఈ మాట చెప్పని షాపుల మీద నాకు కోపం.

అపోహ: పాత బనియన్ గుడ్డ చాలు

బనియన్ గుడ్డకి కుట్లుంటాయి, నీళ్లు పీల్చేది తక్కువ, పీల్చినదాన్ని పక్క ప్యానెల్ మీద పూస్తుంది. మీరు చూసే చారల్లో సగం ఇదే. పసుపు రంగు షామీ క్లాత్ బాగానే పీలుస్తుంది కానీ నున్నగా ఉంటుంది, ఇసుక రేణువు దూరడానికి దానికి పోగులుండవు, రేణువుని పెయింట్ మీదే ఈడ్చుకెళ్తుంది. బీచ్ రోడ్డు ఇసుకా, పోర్టు వైపు నుంచొచ్చే బొగ్గు దుమ్మూ పడే ఊళ్లో అది మంచిది కాదు.

500 జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) పైన ఉన్న పెద్ద మైక్రోఫైబర్ టవల్ ఒకటి, చిన్నవి రెండు కొనండి. కడగడం అయ్యాక పైపు నాజిల్ తీసేసి, నీళ్లు టాప్ మీంచి నెమ్మదిగా పారనివ్వండి. స్ప్రే కొడితే చుక్కలు చెదిరి నిలుస్తాయి, ఇలా పారిస్తే పొరలా జారి చాలా వరకు నేలకి పోతాయి. తర్వాత పెద్ద టవల్‌ని ప్యానెల్ మీద పరిచి, నొక్కకుండా మీ వైపు లాగండి. ముందు టాప్, అద్దాలు, తర్వాత బానెట్, డిక్కీ, చివరికి డోర్లు. డోర్ల కింది భాగానికి, చక్రాలకి వేరే గుడ్డ. ఆ టవల్ ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, పోగులు మూసుకుపోయి పీల్చడం మానేస్తుంది.

అపోహ: బీచ్ రోడ్డులో ఒక రౌండ్ వేస్తే గాలికి ఆరిపోతుంది

తడి బాడీకి దుమ్ము అంటుకుంటుంది, సైడ్ మిర్రర్‌లో దాగిన నీళ్లు డోర్ మీదకి చారగా జారతాయి. ముందు తుడిచేయండి, మిర్రర్లు మడిచి తెరవండి, డోర్లు ఒకసారి తీసి వేయండి, ఐదు నిమిషాలాగి కారినవి మళ్లీ తుడవండి. అప్పుడు రౌండ్ వేయండి, రెండు మూడు సార్లు బ్రేక్ నొక్కితే డిస్కులు ఆరతాయి, అది మంచిదే.

డోర్ అంచులు, డిక్కీ బీడింగ్ కింద, పెట్రోల్ మూత లోపల తప్పకుండా తుడవాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుని తానే నీరవుతుంది. మన ఊళ్లో ఆ తేమ మామూలే. అంటే సందుల్లో మిగిలిన ఉప్పు కారు ఆరినట్టు కనిపించినా లోపల తడిగానే ఉండి తుప్పు పట్టిస్తుంది.

అపోహ: ఉన్న మచ్చలకి వ్యాక్స్ రుద్దితే పోతాయి

వ్యాక్స్ మచ్చని కప్పుతుంది, తియ్యదు. తాజా మచ్చలకి తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, చల్లటి ప్యానెల్ మీద తడిగుడ్డతో ఒకటి రెండు నిమిషాలు ఉంచి, బాగా కడిగి తుడిచేయండి. దానికీ పోలేదంటే క్లియర్ కోట్‌ని, అంటే రంగు మీదుండే పారదర్శక పొరని, తినేసినట్టే, మెషీన్ పాలిష్ పట్టాల్సిందే. పాలిష్ పట్టినప్పుడల్లా ఆ పొర కొంచెం పలచబడుతుంది కాబట్టి, ఏ షాపుకెళ్లినా మొదలుపెట్టే ముందు గేజ్‌తో పెయింట్ మందం కొలిచి మీకు చూపించమని అడగండి.