చెన్నైలో చదువు, నాన్న పేరు మీద కారు: అపోహలు - వాస్తవాలు

కాలేజీలు తెరిచే రోజుల్లో వైజాగ్ సీతమ్మధారలోని నా టేబుల్ ముందు కూర్చునే తల్లిదండ్రులందరిదీ ఒకటే టెన్షన్. "మావాడికి చెన్నైలో సీటొచ్చిందండీ. కారిచ్చి పంపితే అక్కడి పోలీసులు ఆపేస్తారట కదా?" వాహన బీమా పనిలో ఇన్నేళ్లుగా చూస్తున్నాను, అక్కర్లేని దానికి నిద్ర మానుకుంటారు, అడగాల్సింది మాత్రం అడగరు.

అపోహ: కారు కొడుకు పేరు మీద లేకపోతే క్లెయిమ్ రాదు.

బీమా ఉండేది బండికి. సరైన లైసెన్సున్నవాడు యజమాని ఒప్పుకోలుతో నడిపితే చాలు. మన ఆంధ్రా లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. పేరు మారిస్తేనే నష్టం. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, యజమానిది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నాన్న సంపాదించుకున్న 50 శాతం తగ్గింపు కొడుకు పేరు మీదికి రాదు, వాడు సున్నా నుంచి మొదలుపెట్టాలి.

అపోహ: రాష్ట్రం దాటితే నంబరు మార్చాలి.

వెంటనే అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 47వ సెక్షన్ ప్రకారం 12 నెలలు మించి బండి వేరే రాష్ట్రంలోనే ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. అప్పుడు ఇక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. లోన్ ఉంటే బ్యాంకు ఒప్పుకోవాలి. కారు వయసును బట్టి అక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, ఇక్కడ కట్టిన దాంట్లో మిగిలిన భాగం వాపసుకు దరఖాస్తు పెట్టుకోవాలి. సంక్రాంతికి కారు ఇంటికి తెస్తే ఆ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ దాచుకోండి, బండి మధ్యలో ఇంటికొచ్చిందని ఎవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తుంది. రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేని బీహెచ్ సిరీస్ గురించి కూడా అడుగుతుంటారు. అది ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేక అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకు. విద్యార్థికి రాదు.

అపోహ: వైజాగ్‌లో తీసుకున్న పాలసీ చెన్నైలో చెల్లదు.

చెల్లుతుంది. నంబరు మార్చుకున్నాక మాత్రం బీమా కంపెనీకి చెప్పాలి. ప్రీమియం లెక్కకు ఊళ్లను జోన్లుగా చూస్తారు. చెన్నై ఎ జోన్, మనది బి జోన్, కాబట్టి ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియం కాస్త పెరుగుతుంది.

అపోహ: ఫుల్ ఇన్సూరెన్స్ అంటే వరద నష్టం మొత్తం వచ్చేస్తుంది.

హుద్‌హుద్ తుపానులో చెట్లు మీద పడిన కార్లకు ఓన్ డ్యామేజ్ కింద క్లెయిములు వచ్చాయి కాబట్టి మనవాళ్లకు ఈ నమ్మకం. కానీ నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేసి ఇంజన్ పాడైతే, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేనివాళ్లకు ఆ రిపేరు డబ్బులు రావు. చెన్నై వానల సంగతి తెలిసిందే. తాళం తిప్పొద్దని మీవాడికి ఇప్పుడే చెప్పండి.

అసలు అడగాల్సింది ఇది.

ఈమధ్య ఒక స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్ ఉద్యోగి పాలసీ కాగితం తెచ్చి, వ్యక్తిగత ప్రమాద బీమా రూ.15 లక్షలు అన్న లైను మీద వేలు పెట్టారు. "ఇది మావాడికే కదండీ?" ఆ లైను చివర చిన్న అక్షరాల్లో 'యజమాని-డ్రైవర్' అని ఉంది. అంటే ఆ కారు ప్రమాదంలో యజమాని అయిన ఆయనకే ఏమైనా జరిగితేనే ఆ డబ్బు. కొడుకు నడుపుతూ తన తప్పు వల్లే గాయపడితే అది రాదు, థర్డ్ పార్టీ పరిహారమూ (మన బండి వల్ల ఇతరులకు నష్టం జరిగితే ఇచ్చేది) రాదు, ఎందుకంటే యజమాని ఇచ్చిన బండి నడిపేవాడిని కోర్టులు యజమాని స్థానంలోనే చూస్తాయి. ప్యాకేజీ పాలసీ (మనవాళ్లు ఫుల్ ఇన్సూరెన్స్ అనేది) అయితే పక్కన కూర్చున్న స్నేహితుడికి వస్తుంది, స్టీరింగ్ పట్టినవాడికి రాదు.

"మరేటి చెయ్యాలండీ?" అన్నారు. అబ్బాయి పేరు మీద విడిగా ప్రమాద బీమా తీసుకోమన్నాను. ఆయన అక్కడే కొడుక్కి ఫోన్ చేసి, నామినీగా ఎవరి పేరు రాయించమంటావని అడిగారు.

"నామినీ అంటే ఏటి నాన్నా?" అని అవతలి నుంచి వినిపించింది.